గండికోటలో రాత్రి, బెలుంలో పూట

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది కారు దిగి నేరుగా పెన్నా లోయ అంచుకు నడిచి, ఫొటోలు దిగి, గంటలో వెనుదిరుగుతారు. లోయ గొప్పదే. పలకలు పేర్చినట్టున్న ఎర్రబండలు నిలువునా దిగిపోతుంటే అడుగున నది మెలిక తిరుగుతుంది. అయితే దానికి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ పేరు తగిలించి ప్రచారం చేయడం నాకు నచ్చదు. అక్కడ అంచున ఇలాంటి కోట ఉందా?

విజయనగర రాజులకు అండగా నిలిచిన పెమ్మసాని నాయకుల కోట ఇది. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. మాధవరాయ ఆలయ గోపురం ఠీవిగా నిలబడే ఉంది, గర్భగుడిలో మాత్రం మూర్తి లేదు. జామియా మసీదు పక్కన ధాన్యాగారం, ఆ దగ్గరే కత్తుల కోనేరు. యుద్ధం ముగిశాక కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని ఊళ్లో చెబుతారు. ఊరంటే కోట లోపలి ఊరే, ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. వీటికి ఒక పూట కేటాయించి, సూర్యోదయానికి లోయ దగ్గరికి వెళ్లడం మేలు. అంచున కంచె లేదు, పిల్లల చెయ్యి వదలకూడదు.

బసకు రెండు దారులు. పర్యాటక శాఖ హోటల్లో గదులు సాదాసీదావే గానీ పెద్దవాళ్లతో వెళ్తే అదే సుఖం. మేము గుడారం తీసుకున్నాం. పరుపు పలుచన, మరుగుదొడ్డి దూరం, పక్క గుడారంవాళ్ల పాటల పెట్టె అర్ధరాత్రి దాటినా ఆగలేదు. నిర్వాహకుడికి చెబితే నవ్వి ఊరుకున్నాడు. డబ్బు కట్టేముందే మరుగుదొడ్డి చూడండి. తిండికి జమ్మలమడుగు నయం: పొద్దున ఉగ్గాని, బజ్జీ దొరికితే మధ్యాహ్నం దాకా దిగులుండదు.

అక్కడి నుంచి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు కారులో వెళ్లాం. చదునైన నేలలో గొయ్యిలోకి మెట్లు దిగితే గుహ మొదలవుతుంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. 1982, 83ల్లో జర్మన్ బృందం కొలతలు తీసింది. మొత్తం 3,229 మీటర్ల పొడవులో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే, అదీ చాలు. గాలి గొట్టాలు పెట్టినా లోపల ఉక్కపోత తప్పదు. నూలు బట్టలు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుహలో అన్నిటికన్నా లోతైన చోటైన పాతాళగంగ దాకా దిగాలా వద్దా అని ముందే ఆలోచించుకోవాలి.

గైడును తప్పక తీసుకోండి. మాకు దొరికినాయన సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లుగా ఎలా కరిగించిందో గోడల మీది గీతలు చూపిస్తూ చెప్పాడు. కోటిలింగాల దగ్గర పైకప్పు నుంచి వేలాడే రాతి ధారల కింద ఆయన దీపం తిప్పకపోతే సగం కనిపించేవే కావు. సప్తస్వరాల గుహలో మాత్రం జనం రాళ్లను మోగించి చూస్తుంటే గుండె కలుక్కుమంది. ఒక్కో అంగుళానికి ఎన్ని తరాలు పట్టిందో!

తిరుగు ప్రయాణం తాడిపత్రి మీదుగా పెట్టుకుంటే రైలు దొరుకుతుంది, వేళ మిగిలితే బుగ్గ రామలింగేశ్వరాలయం శిల్పాలూ చూడొచ్చు.