తెరిచిన హార్డెనర్ ఎన్నాళ్లు నిలుస్తుంది: పన్నెండేళ్ల వాడకం మీద నా అభిప్రాయం

విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్లుగా కార్లకు రంగు వేసే షెడ్డు నడుపుతున్నాను. ఈ కాలమంతా ఎక్కువగా వాడింది టూకే పీయూ (రెండు భాగాల పాలీయురేథేన్) రకం, అంటే హార్డెనర్ కలిపితేనే సరిగ్గా గట్టిపడే రంగులూ, వాటి పైన మెరుపు కోసం వేసే పారదర్శక పూతలైన క్లియర్లూ. పని అయ్యాక మిగిలిన డబ్బాలను ఎన్నాళ్లు దాచుకోవచ్చని కొత్తగా షెడ్డు పెట్టినవారు తరచుగా అడుగుతుంటారు. రంగుకూ హార్డెనర్‌కూ ఒకటే గడువు అనుకోవడం దగ్గరే నష్టం మొదలవుతుందని నా అనుభవం.

మూత బిగించి నీడపట్టున ఉంచిన సాలిడ్ రంగు, అంటే లోహపు రేణువులు లేని రంగు, చాలాకాలం నిలుస్తుంది. నాలుగేళ్ల కిందట తెరిచిన తెల్ల రంగును అడుగు నుంచి కలియబెట్టి, వడగట్టి, కొత్త హార్డెనర్‌తో వేస్తే నాకు ఏ తేడా కనపడలేదు. క్లియర్ కింద వేసే మెటాలిక్ బేస్ కోట్‌కు మాత్రం అంత భరోసా ఇవ్వలేను. అల్యూమినియం రేణువులు అడుగున పేరుకుపోతాయి, అవి పూర్తిగా విడకపోతే షేడు మారుతుంది. అందుకే పాత డబ్బా తీసినప్పుడల్లా ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, ఎండలో బండి పక్కన పెట్టి చూస్తాను.

హార్డెనర్ సంగతి పూర్తిగా వేరు. అందులో ఉండే ఐసోసైనేట్ అనే రసాయనం రంగులోని రెసిన్‌తోనే కాక గాలిలోని తేమతోనూ కలుస్తుంది, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పాత టిన్ను ఉబ్బడానికీ, మూత తిప్పగానే బుస్సుమనడానికీ కారణం అదే. ఉబ్బిన టిన్నును చేతి తొడుగులు వేసుకుని, పైన గుడ్డ కప్పి, నెమ్మదిగా తెరవాలి, అందులోని సరుకును మాత్రం వాడకూడదు.

అయితే పాడైన హార్డెనర్ ప్రతిసారీ చిక్కబడో మసకబారో కనిపించదు, నేను దెబ్బతిన్నది అక్కడే. 2019లో, జూన్‌లో తెరిచిన టిన్నులో మిగిలిన సగాన్ని సెప్టెంబరులో ఒక సిల్వర్ కారు బానెట్‌కు వాడాను. చూడటానికి తేటగానే ఉంది, రెండు పాళ్ల క్లియర్‌కు ఒక పాలు చొప్పున కొలిచే కలిపాను. మర్నాడు వేలితో నొక్కితే ముద్ర పడింది, మూడో నాటికి మెరుపు చచ్చిపోయింది, థిన్నర్ తడిపిన గుడ్డతో రుద్దితే క్లియర్ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. మొత్తం గీకేసి ప్రైమర్ నుంచి మళ్లీ వేయాల్సి వచ్చింది. నన్ను నమ్మి బండి అప్పగించిన మనిషిని రెండు రోజులు అదనంగా తిప్పించుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి లీటరు టిన్ను చవకగా పడుతుందని తెలిసినా పావు లీటరువే కొంటున్నాను, తెరిచిన తేదీని మూత మీద మార్కర్‌తో రాస్తున్నాను. మిగిలినదాన్ని గాలికి చోటులేకుండా పొడిగా ఉన్న చిన్న సీసాలోకి అంచు దాకా నింపుతాను. మూత బిగించే ముందు అంచును థిన్నర్ గుడ్డతో తుడవడం చాలా ముఖ్యం, అక్కడ తెల్లగా పెచ్చుకడితే మూత సరిగ్గా కూర్చోదు, తేమ లోపలికి దారి చేసుకుంటుంది. ఇంత జాగ్రత్త పడినా వానాకాలంలో తెరిచినదాన్ని నెల దాటితే బండి మీద వాడను. కొందరు ఫ్రిజ్‌లో పెడతారు, కానీ చల్లగా ఉండగానే మూత తీస్తే గాలిలోని తేమ లోపల నీరుగా దిగుతుంది.

లప్పం గట్టిపడటానికి దానికి కలిపే పెరాక్సైడ్ పేస్టుకు తేమ కంటే వేడి ఎక్కువ చేటు. మన వేసవిలో రేకుల షెడ్డు కింద లప్పం డబ్బాలోనే గడ్డకడుతుంది కనుక ఆ రెండింటినీ కింది అరలో ఉంచుతాను.

సీలు తీయని హార్డెనర్‌నైనా తయారీ తేదీ చూడకుండా కొనను. ఏడాది దాటిన టిన్నును, దుకాణం ముందు ఎండలో పేర్చిన టిన్నును తీసుకోను. తేదీ మీద స్టిక్కరు అంటించి ఉంటే డబ్బులు ఇవ్వకముందే దాన్ని ఊడదీయించి చూస్తాను.