జాగ్రత్త: నడుం నొప్పికి డిసెబిలిటీ పెన్షన్ ఇప్పిస్తామనే కన్సల్టెంట్లు

సర్వీసులో డిస్కు జారి, రిలీజ్ మెడికల్ బోర్డులో (సర్వీసు నుంచి పంపేటప్పుడు డాక్టర్లు చేసే పరీక్ష) "సర్వీసుకు సంబంధం లేదు" అని రాయించుకుని ఇంటికొచ్చిన మాజీ సైనికుల వెంట పడే కన్సల్టెంట్లు ఉన్నారు. వాళ్లడిగేవి మూడు: ముందుగా కొంత అడ్వాన్సు, వచ్చే ఎరియర్స్‌లో 30 శాతం, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. ఏదీ ఇవ్వకండి.

ఆ 30 శాతం ఎంతో లెక్క వేయండి. ఆఖరి జీతం ఎంఎస్‌పీతో (మిలిటరీ సర్వీస్ పే) కలిపి 40,000 అనుకుందాం. నూరు శాతం వైకల్యానికి డిసెబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్లో వైకల్యం కింద వచ్చే భాగం, జీతంలో 30 శాతం. బోర్డు వేసిన 20 శాతాన్ని, సుప్రీంకోర్టు 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం 50కి రౌండ్ చేస్తే నెలకు 6,000. ఆలస్యంగా వేసిన కేసుల్లో ట్రిబ్యునల్ (సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్) మామూలుగా మూడేళ్ల ఎరియర్సే ఇస్తూ వచ్చింది. ఆ మూడేళ్లకు డీఆర్ (కరువు భత్యం) కలపకుండా 2,16,000. కన్సల్టెంటు వాటా 64,800! అసలు గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. వకీలే కానివాడైతే ట్రిబ్యునల్లో మీ తరఫున ఎవరు నిలబడతారో ముందు అడగండి.

తర్వాత వదిలే డబ్బు కొత్త ఎంఆర్ఐకి. ఇప్పుడు తీయించిన స్కాన్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు, కేసు నడిచేది బోర్డు కాగితం మీదే. అందులో జబ్బు పేరు, అది మొదలైన తేదీ, చోటు, శాతం, ముఖ్యంగా "సంబంధం లేదు" అనడానికి రాసిన కారణం చూడండి. "డీజెనరేటివ్" (అరుగుదల వల్ల వచ్చింది) అని ఒక్క ముక్క రాసి వదిలేశారా? భర్తీనాటి మెడికల్‌లో నడుం ఊసే లేదా? అయితే భర్తీనాడు రాయని జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని భావించాలన్న సుప్రీంకోర్టు 2013 ధరమ్‌వీర్ సింగ్ తీర్పు మీకు బలం. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికి శాతం 20 లోపుంటే మాత్రం కేసు కష్టం. 2023 సెప్టెంబర్ 21 నుంచి రిటైరైనవారికి రూల్సే వేరు, పాత తీర్పులు చూపించి ఆశ పెడితే నమ్మకండి.

కాగితం లేకపోతే మీ రికార్డ్ ఆఫీసుకు ఆర్‌టీఐ పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, పేజీకి 2 రూపాయలు. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 (ఆ బోర్డు కాగితం ఫారం) మొత్తం కావాలని రాయండి, లేకపోతే మొదటి పేజీలు పంపి ఊరుకుంటారు. తిరస్కరణ ఉత్తరం వచ్చిన ఆరు నెలల్లో ఫస్ట్ అప్పీల్, ఆపైన సెకండ్ అప్పీల్, తర్వాతే ట్రిబ్యునల్. అప్పీల్ రాయడానికి జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగండి. 2025లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన లీగల్ క్లినిక్ అక్కడ ఉందేమో కూడా కనుక్కోండి.

స్పర్శ్ (రక్షణ పెన్షన్ల పోర్టల్) పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) జిరాక్సులే ఇవ్వండి. ఇప్పటికే ఖాళీ చెక్కు ఇచ్చేసి ఉంటే నంబరు చెప్పి బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టించండి. ఆ చెక్కు ఏ పనికి, ఎప్పుడు ఇచ్చారో రాసి, తిరిగివ్వమని వాళ్లకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి.