అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి షికాగో రావాలంటే: అబుదాబియా, ఫ్రాంక్‌ఫర్టా, ఢిల్లీయా?

వేసవి దగ్గరపడితే ఇక్కడి మిత్రులందరిదీ ఇదే ప్రశ్న. పోయిన నెల మా అమ్మకి టికెట్ తీసేటప్పుడు నేనూ వారం రోజులు దీనిమీదే కూర్చున్నాను.

ముందు దూరాలు చూద్దాం. శంషాబాద్ నుంచి షికాగోకి భూగోళం మీద గీత గీస్తే దాదాపు 13,300 కిలోమీటర్లు. ఢిల్లీ సరిగ్గా ఆ గీత పక్కనే ఉంటుంది కాబట్టి అటు వెళ్తే దూరం పెరగదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 14,100, అబుదాబి మీదుగా 14,300. అంటే మహా అయితే వెయ్యి కిలోమీటర్ల తేడా, గాల్లో గంటా గంటంబావు. దీన్ని బట్టి దారి ఎంచుకోవడం అనవసరం.

పైగా దగ్గరి దారే ఆలస్యం కావచ్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే మన విమానాలు చుట్టు తిరిగాయి, కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో దిగాయి. ఢిల్లీని నేను అక్కడితో పక్కన పెట్టేశాను. దోహా, లండన్ కూడా ఉన్నాయి, తప్పేం లేదు. చౌకగా దొరికితే చూడండి.

మిగిలింది రెండు. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే ప్రయాణం ఇంచుమించు సగానికి విడిపోతుంది, ఒక్కో విమానం తొమ్మిది, పది గంటలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది నిజంగా మంచి దారి. అబుదాబికి నాలుగు గంటలే, కానీ అక్కణ్ణుంచి షికాగోకి ఏకబిగిన పదిహేను గంటలు. మధ్యలో మూడు గంటల ఆగుదల కలిపితే రెండూ ఇరవైరెండు గంటల పైనే.

అయినా నేను అబుదాబికే మొగ్గాను. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది, 2014 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. షికాగోలో దిగేది దేశీయ విమానంలో వచ్చినట్టే. పెట్టెలు తీసుకుని బయటికి రావడమే.

నాకు ఇదే ఎందుకు ముఖ్యమంటే, మూడేళ్ళ క్రితం అమ్మ ఐరోపా మీదుగా ఒంటరిగా వచ్చింది. దిగేసరికి కాళ్ళు వాచి, రాత్రంతా నిద్ర లేదు. 'ఎన్నాళ్ళుంటారు?' అన్న చిన్న ప్రశ్నకే తడబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే ప్రశ్న నాలుగు గంటల ప్రయాణం తర్వాత అడిగితే ఆమె నెమ్మదిగా చెప్పగలదు. ఈసారి చెప్పింది కూడా. తర్వాత పదిహేను గంటలూ మనసు కుదుటపడి నిద్రపోయానంది.

మూడు జాగ్రత్తలు. అబుదాబిలో కనీసం మూడు గంటల వ్యవధి పెట్టండి, తక్కువైతే ఆ తనిఖీ క్యూలోనే గుండె దడ. వీల్‌చెయిర్ టికెట్ తీసేటప్పుడే అడగండి. ఆవకాయ, పొడులు ఉంటే తనిఖీలో అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పమనండి.

అమ్మానాన్నలిద్దరూ కలిసి వస్తుంటే, ఒకరికి ఇంగ్లీషు ధైర్యంగా వస్తే మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకోండి. అప్పుడు మోకాళ్ళ మాటే వినాలి.