పాత చెక్క బాడీ లారీనా, కొత్త ఏసీ క్యాబిన్ బండా?

చిత్తూరులో మామిడి సీజన్ దగ్గరపడితే లారీ కొనాలనుకునేవాళ్లకి ఇదే టెన్షన్.

ఖర్చు: పాతది చేతిలో డబ్బుతో వచ్చేస్తుంది, కొత్తదానికి నెలనెలా కిస్తీ.

రిపేరు: పాతది రోడ్డు పక్క మెకానిక్ చూస్తాడు. కొత్తదాంట్లో సెన్సర్ పోతే కంపెనీ మనిషి రావాల్సిందే.

సుఖం: 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి. తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు ఎండలో క్యూ కట్టినవాడిని అడగండి దాని విలువ.

అందం: ఇక్కడ నా ఓటు పాతదానికే. 1954లో టాటా, డైమ్లర్-బెంజ్ కలిసి మొదలుపెట్టిన ఆ ముక్కు లారీలకి బాడీ కట్టింది మన వడ్రంగులే, తలుపు మీద తామరపువ్వు, వెనక పిల్లల పేర్లు, కాణిపాకంలో పూజ చేయించి ముందు కట్టిన నిమ్మకాయలు, చూస్తే ఇంటి మనిషిలా ఉండేది.

జిల్లాలో తిరిగే లోడుకి పాతది చాలు. దూరప్రయాణమైతే డ్రైవర్ ఒంటి కోసం కొత్తదే తీసుకోండి, పెయింటర్‌ని మాత్రం మానొద్దు.