ఏఏసీ బ్లాకుల ఇల్లు: ఏడెనిమిదేళ్లు ఉన్నాక నా అభిప్రాయం

మాది విజయవాడ వైపు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గరే కాబట్టి బూడిద ఇటుక ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. మేం మాత్రం గోడలకు తేలికైన ఏఏసీ బ్లాకులు (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, అంటే పొంగించి ఆవిరిలో ఉడికించిన కాంక్రీటు దిమ్మలు) తీసుకున్నాం. పిల్లర్ల మీద లేచిన ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. బయటి గోడలు ఎనిమిది అంగుళాలు, లోపలివి నాలుగు. బ్లాకు మీద నాకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు. వచ్చిన తలనొప్పులన్నీ అతుకుల దగ్గర వచ్చినవే.

ఈ బ్లాకులో ఎక్కువ భాగం ఫ్లై యాషే, అంటే థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదే. మిగతాది సిమెంటు, సున్నం, జిప్సం. వాటికి చాలా కొద్దిగా అల్యూమినియం పొడి కలుపుతారు. అది సున్నంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తే మిశ్రమం ఇడ్లీ పిండిలా పొంగుతుంది. కాస్త గట్టిపడ్డాక తీగలతో కోసి, 180–200 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడి మీద ఉడికిస్తారు. ఘనపు మీటరు బరువు 550–650 కిలోలు ఉంటుంది, అదే ఎర్ర ఇటుక 1,800 దాకా తూగుతుంది. లైట్ వెయిట్ పేరుతోనే సీఎల్‌సీ (సెల్యులర్ లైట్ వెయిట్ కాంక్రీట్) బ్లాకులు కూడా అమ్ముతారు. వాటిలో నురుగు కలుపుతారు, ఆవిరిలో ఉడికించరు, నీళ్లతో క్యూరింగ్ చేయాలి. ఏఏసీ కొనేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం చేసినవేనా అని అడగండి. సీఎల్‌సీకి వర్తించేది నాలుగో భాగం.

మా కింది పోర్షన్ వానాకాలంలో లేచింది. తడిసిన బ్లాకులే లారీ నుంచి దిగాయి. మేస్త్రి ఎర్ర ఇటుకలకు అలవాటుపడ్డ మనిషి, వాటి మీద ఇంకా నీళ్లు పోసి, సిమెంటు ఇసుక మాలు అర అంగుళం మందాన వేసి కట్టేశాడు. ఆరేకొద్దీ బ్లాకు కుంచించుకుపోతుంది. ఏడాది తిరక్కుండానే పిల్లర్ల పక్కన, బీముల కింద వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. పై పోర్షన్ చలికాలంలో వేరే మేస్త్రి కట్టాడు. పొడి బ్లాకులు, అతుకులో మాలుకు బదులు మూడు మిల్లీమీటర్ల గమ్ము (బ్లాకులను అతికించే జిగురు), నాలుగైదు వరసలకోసారి సన్నటి కాంక్రీటు పట్టీ. పిల్లరు, గోడ కలిసే చోటల్లా ప్లాస్టరింగ్‌కు ముందే చికెన్ మెష్ (సన్నటి తీగల వల) కొట్టాడు. బీము కింద కాస్త సందు వదిలి, దాన్ని చివర్లో నింపాడు. అక్కడ ఇప్పటిదాకా ఒక్క పగులూ లేదు. ఒకే ఫ్యాక్టరీ సరుకు, ఒకే ఇల్లు! అందుకే ఎవరు అడిగినా, రేటు కంటే ముందు మేస్త్రి ఇంతకుముందు ఈ బ్లాకులతో కట్టిన ఇంటిని చూసి రమ్మంటాను.

వేడి సంగతి. పడమటి గది గోడ మే నెల సాయంత్రం ముట్టుకున్నా సెగ కొట్టదు. మా పాత ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ కాలుతూనే ఉండేది. ఏసీ త్వరగా చల్లబరుస్తుంది. కానీ శ్లాబు నుంచి దిగే వేడిని గోడలు ఆపలేవు కదా, డాబా మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించాకే పై గదుల్లో సుఖం తెలిసింది.

మామూలు మేకు ఈ గోడలో నిలవదు, కొన్నాళ్లకు వదులైపోతుంది. పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి, డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు. గీజర్‌కైతే గోడ అవతలి వైపు దాకా బోల్టు వేసి, వెనక ప్లేటు బిగించాం, అది కదల్లేదు. కరెంటు పైపులకు గాడి కట్టర్‌తో కోయించండి. ఉలి, సుత్తి పెట్టి కొడితే నాలుగంగుళాల గోడ అదిరిపోతుంది.

బాత్‌రూమ్‌లో టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ తప్పనిసరి. ఒకసారి నీరు తాగితే ఈ బ్లాకు ఆరడానికి చాలా కాలం పడుతుంది. మాకు ఒక పైపు లీకై, పక్క గది పెయింటు నెలల తరబడి ఉబ్బుతూనే ఉంది.

పునాదిలోకి, నేలను తాకే చోటికి దీన్ని రానివ్వలేదు. అక్కడా, ప్రహరీకీ బరువైన ఫ్లై యాష్ ఇటుకే పెట్టాం. బూడిద, సున్నం, జిప్సం కలిపి చేసే ఫాల్-జీ పద్ధతి మన విశాఖలో భానుమతీదాస్, కాళిదాస్ రూపొందించిందే. ప్రహరీ ఎండావానల్లో నానుతున్నా ఇప్పటికీ రాలిపోలేదు.