పైపు వంచడం: ఇసుక పోసి కాల్చాలా, బెండర్ వాడాలా?

గేటు ఆర్చికైనా, పడవ కప్పుకైనా పైపు నొక్కు పడకుండా వంగాలి. కోనసీమలో ఇందుకు రెండు దారులున్నాయి: పైపులో ఇసుక దట్టించి ఎర్రగా కాల్చి వంచడం ఒకటి, బెండర్ అనే వంచే యంత్రంతో వంచడం రెండోది.

ఖర్చు: ఇసుక పద్ధతికి బొగ్గులు, పైపు కొసలు మూయడానికి చెక్క బిరడాలు చాలు. హైడ్రాలిక్ బెండర్ కొనడం భారమే, అద్దెకు దొరికితే నయం.

శ్రమ: గోదావరి ఇసుక పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది, పెనం మీద బాగా వేయించాల్సిందే. పైపు పక్కల సుత్తితో తడుతూ, ఇక దిగదు అన్నంత వరకు దట్టించాలి. పైపు పొడవునా ఉండే అతుకు గీత వంపు లోపలికో బయటికో కాకుండా పక్కకు ఉండాలి. ఎర్రగా కాలాక ఆగకుండా, నెమ్మదిగా వంచాలి. బెండర్‌కైతే సైజుకు తగ్గ అచ్చు పెట్టి పిడి కొట్టడమే.

ప్రమాదం: చెమ్మ మిగిలితే ఆవిరి పుట్టి బిరడా ఎగిరి ముఖానికి తగలొచ్చు. జీఐ పైపునైతే, అంటే జింకు పూత ఉన్న పైపునైతే, అసలు కాల్చొద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది, పూత పోయినచోట ఉప్పుగాలికి తుప్పు తప్పదు. బెండర్‌లో పల్చటి పైపు నొక్కుకుపోతుంది.

ఎంఎస్ (పూత లేని మామూలు ఉక్కు) పైపు, ఒకటీ అరా వంపులు, అచ్చుకు అందని గుండ్రం అయితే ఇసుకే మేలు. అంతర్వేది లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లో జీఐ పైపుతో ఒకేలాంటి వంపులు చాలా కావాలంటే బెండరే.