కొండ దిగాక అలసట తీరేదెక్కడ? తిరుపతి చుట్టుపక్కల నూనెలు, రంగులు, బసలు

తిరుపతికి వచ్చేవాళ్ళు దర్శనం టికెట్ దగ్గర్నుంచి లడ్డూల దాకా అన్నీ ముందే ప్లాన్ చేసుకుంటారు. కొండ దిగాక ఒంటికి విశ్రాంతి కావాలన్న సంగతి మాత్రం తిరుగు రైలెక్కేటప్పుడు గుర్తొస్తుంది. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. శ్రీవారి మెట్టు దారి దూరం తక్కువే కానీ నిటారుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, నడిచి దిగితే పిక్కలు పట్టేస్తాయి. దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు మోయాలి, అందుకే ఎక్కడం కంటే దిగడమే ఒంటిని ఎక్కువ నలుపుతుంది. ఆ నొప్పి అదే రోజు తెలియదు. మర్నాడో ఆ మర్నాడో మంచం దిగబోతే తెలుస్తుంది.

ఈసారి అమ్మ, వదినలతో వెళ్ళినప్పుడు అందుకే సేదతీరడానికి విడిగా రోజులు పెట్టుకున్నాం. అమ్మకు బీపీ, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. వదినకు సుగంధ తైలాలంటే ప్రాణం. ఇంట్లో లావెండర్, నిమ్మగడ్డి, నీలగిరి సీసాలు పెట్టుకుంటుంది, తలనొప్పికి మాత్ర కంటే ముందు వాటినే వెతుకుతుంది. రంగు వెలుగులతో రోగాలు తగ్గిస్తామనే కలర్ థెరపీ గురించి కూడా ఎక్కడెక్కడివో వీడియోలు చూసి పెట్టుకుంది. మాది చిత్తూరే కాబట్టి ఊళ్ళన్నీ తెలిసినవే, ఈ సేవల కోసం తిరగడమే కొత్త.

ముందు విష్ణు నివాసంలో దిగాం. రైల్వే స్టేషన్‌కి ఎదురుగా ఉండే టీటీడీ బస అది. బస్టాండ్ ఎదురుగా ఉండే శ్రీనివాసం కూడా అలాంటిదే. అద్దె తక్కువ, నమ్మకం ఎక్కువ, దర్శనానికి వచ్చిన కుటుంబానికి ఇంతకంటే సౌకర్యం ఉండదు. నిద్రకు మాత్రం పనికిరాదు. స్టేషన్ అనౌన్స్‌మెంట్లు, వరండాలో సూట్‌కేసు చక్రాల చప్పుడు, అర్ధరాత్రి దాటగానే కొండకు బయల్దేరేవాళ్ళ హడావుడి. దర్శనం అయ్యేదాకా అక్కడుండి, ఆ తర్వాత మారిపోవడం మంచిది. మేమూ అదే చేశాం.

మారింది రేణిగుంట వైపు ఉన్న ఒక ప్రైవేటు హోటల్‌కి. స్పా ఉందని వదిన పట్టుబట్టింది. గది బాగుంది, పరుపు బాగుంది, మందపాటి కర్టెన్లు వేస్తే పగలే చీకటి. అరోమా మసాజ్ గంటకి రెండున్నర వేల దాకా చెప్పారు. "ఏం నూనె వాడతారమ్మా?" అని వదిన అడిగితే, ఆ అమ్మాయి లేబుల్ లేని మూడు సీసాలు తెచ్చి పెట్టింది. ఒకటి రిలాక్స్ అట, ఒకటి ఎనర్జీ అట, ఒకటి డీటాక్స్ అట. ఏ మొక్క నుంచి తీసిందని అడిగితే, "లావెండర్ ఫ్లేవర్ మేడమ్" అంది. వదిన మూత తీసి వాసన చూసి సీసా వెనక్కిచ్చేసింది. తన దగ్గరున్న లావెండర్ చుక్కలు వాళ్ళ మామూలు నూనెలో కలిపి చేయమంది, వాళ్ళు కాదనకుండా ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి చేయి నిజంగా మంచి చేయి. పిక్కల దగ్గర బొటనవేలితో కింది నుంచి పైకి నెమ్మదిగా తోస్తుంటే ఎక్కడ పట్టేసిందో మేం చెప్పక్కర్లేకపోయింది. డబ్బు ఆ చేతి పనికి ఇవ్వచ్చు, ఆ నూనెకు ఇవ్వక్కర్లేదు.

కలర్ థెరపీ గది దగ్గరే నాకు బాధ కలిగింది. చిన్న గది, వాలు కుర్చీ, పైన రంగులు మారే ఎల్ఈడీ లైట్లు. నీలం బీపీకి, ఆకుపచ్చ షుగరుకి, నారింజ అరుగుదలకి అని గోడ మీద చార్టు ఉంది. అక్కడి మేనేజర్ అమ్మ పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా, "వరసగా సిట్టింగులు చేయించుకోండమ్మా, బీపీ మాత్ర మెల్లగా మానేయచ్చు" అన్నాడు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషితో అనే మాటేనా అది? బీపీ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే పక్షవాతం దాకా పోవచ్చు. ఆ మాట అక్కడే గట్టిగా చెప్పాను. ఇది చదివేవాళ్ళకి కూడా చెబుతున్నాను: ఏ రంగు లైటు కిందైనా కూర్చోండి, మాత్ర మాత్రం ఆపకండి.

నీలి కాంతితో వైద్యం లేకపోలేదు. కామెర్లు వచ్చిన పసిబిడ్డను నీలి దీపాల కింద పడుకోబెట్టడం పెద్దాసుపత్రుల్లో చాలామంది చూసే ఉంటారు. 1950లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో, ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు తగ్గిందని ఒక నర్సు గమనించడంతో అది మొదలైంది. ఒంటికి ఆ పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ అనే పదార్థం చర్మంలో నీలి కాంతిని పీల్చుకుని రూపం మార్చుకుంటుంది, అప్పుడు ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోతుంది. అక్కడ ఏ కాంతి, ఎంత దూరం నుంచి, ఎన్ని గంటలు అన్నదానికి లెక్క ఉంది, రక్తపరీక్షతో సరిచూసుకుంటారు. గోడ మీది చార్టు సంగతి వేరు. ఈ రంగుల చికిత్స 1878లో అమెరికాలో ఎడ్విన్ బాబిట్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత, బొంబాయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన దిన్షా ఘడియాలీ రంగుగాజుల యంత్రం చేసి అన్ని రోగాలకూ అమ్మాడు. చివరికి తప్పుడు ప్రచారమని అక్కడి కోర్టు శిక్ష వేసింది. బీపీ, షుగరు రంగు లైట్లతో తగ్గుతాయనడానికి ఆధారం లేదు.

అయినా ఆ వాలు కుర్చీలో అమ్మ హాయిగా కునుకు తీసింది. చప్పుడు లేదు, ఫోన్ లేదు, ఎవరూ పిలవరు. వదిన అడిగితే నీలం తీసేసి సన్నని నారింజ వెలుగు పెట్టారు. అదే మేలు కూడా. రాత్రిపూట నీలి వెలుగు నిద్ర పట్టించే మెలటోనిన్‌ని తగ్గిస్తుంది, నారింజ రంగులో సన్నగా ఉండే దీపం అంతగా తగ్గించదు. నిద్ర కోసమని సాయంత్రం నీలి గదిలో కూర్చోబెట్టడం తలకిందుల పని.

నూనెలు కొనుక్కుందామని గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాలు తిరిగాం. ఒక దుకాణంలో ఎర్రటి నూనె చూపించి, "ఎర్రచందనం నూనె మా, శేషాచలం అడవిది, ఒరిజినల్, వాసన చూడండి" అన్నాడు. గుమగుమలాడుతోంది. అనుమానం కూడా అక్కడే రావాలి. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. దాని విలువంతా ఆ చేవలోని ఎరుపులో, ఆ కట్టె గట్టిదనంలో ఉంది. వాసన ఉండేది శ్రీగంధానికి, అది వేరే చెట్టు. పైగా ఎర్రచందనం వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. మల్లెపూల నూనె కూడా అంతే. మల్లె నుంచి నీటి ఆవిరితో నూనె తీయరు, ద్రావకంతో వాసనను లాగుతారు. కొద్ది సారానికి బోలెడు పూలు పోతాయి కాబట్టి అసలుది చాలా ఖరీదు. నూటయాభైకి చేతిలో పెట్టేది సెంటు, సుగంధ తైలం కాదు. సెంటుగా వాడుకోండి, ఒంటికి మర్దనా చేసుకోకండి. ముదురు రంగు గాజుసీసా, దాని మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారన్న వివరం ఉంటేనే కొనమని వదిన చెప్పే మాట. నాకూ అదే సబబనిపించింది.

వాసనల ఊరు కావాలంటే తిరుపతిలో దానికి కొదవ లేదు. తీర్థంలో పచ్చకర్పూరం, శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి రాసే పునుగు తైలం, గుడి దారిలో మరువం, దవనం. తన గుళ్ళలో పూజకు వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి ఏడు రకాల అగరుబత్తులు చేయించి అమ్ముతోంది. అమ్మ ఆ దుకాణం దగ్గర ఆగి ప్రతి పెట్టె ఎత్తి వాసన చూసింది. ఇంటికి తీసుకెళ్ళే వాసనగా నేను వాటికే ఓటేస్తాను.

ఇక మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన సేవ టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రిలోది. స్పాలో ఉండే సోకు ఇక్కడ ఉండదు. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవాలి, బెంచీ మీద కూర్చోవాలి, వంతు రావాలి. తొందరపడేవాళ్ళకి ఇది కుదరదు. కానీ నూనె చేయి వేయకముందు డాక్టరమ్మ అమ్మ బీపీ చూసింది, వేసుకునే మాత్రలు అడిగింది, మోకాలు వంచి చూసింది, వాపు ఉన్న చోట గట్టిగా రుద్దకూడదని రాసింది. ఒక్క ప్రశ్న కూడా అడగని హోటల్‌కీ దీనికీ తేడా అక్కడే తెలిసిపోయింది.

మర్దనా చెక్క ద్రోణి మీద, అంటే మర్దనా కోసం చేసిన పొడవాటి చెక్క బల్ల మీద. మహానారాయణ తైలం గిన్నెను వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేశారు. మర్దనా చేసే ఆమె ముందు తన ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసుకుంది. "కాళ్ళు వదిలెయ్ మా, బిగబట్టద్దు" అంటూ కీళ్ళ దగ్గర గుండ్రంగా, ఎముక పొడవున నిలువుగా రాసింది. నువ్వుల నూనెలో మూలికలు కాచిన ఆ వాసన స్పా వాసనలా తియ్యగా ఉండదు, కాస్త చేదుగా, మందుల కొట్టులా ఉంటుంది. మర్దనా అయ్యాక అమ్మ గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. మోకాళ్ళ అరుగుదల దీంతో పోదు, అది డాక్టరమ్మే చెప్పింది. బిగుసుకున్న కండరం వదులుతుంది, నొప్పి కొన్నాళ్ళు శాంతిస్తుంది. అంతవరకే చెప్పడం నాకు గౌరవంగా అనిపించింది.

తర్వాత మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ వెళ్ళాం. ఇది పాత చిత్తూరు జిల్లా కొండ, ఎత్తు 1,200 మీటర్ల పైనే. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ ఇక్కడ బంగళా కట్టించాక ఈ పేరొచ్చింది. పర్యాటక సంస్థ వాళ్ళ హరిత రిసార్ట్‌లో దిగాం. గదులు పాతవి, భోజనం మామూలు, కానీ కిటికీ తీస్తే వచ్చే గాలికి ఏ స్పా సాటిరాదు. కొండ మీద నీలగిరి చెట్లు బాగా ఉన్నాయి, మనవాళ్ళు జామాయిల్ అంటారు కదా, అవే. కల్యాణి అని పేరుపెట్టిన పెద్ద నీలగిరి చెట్టు కూడా ఇక్కడే ఉంది. వాన పడి వెలిసిన పొద్దున నడుస్తుంటే ఆకుల వాసన దానంతటదే ముక్కుకి తగులుతుంది. వదిన రాలిన ఆకు ఒకటి నలిపి అమ్మ చేతిలో పెట్టింది. ఆ ఘాటు సినియోల్ అనే పదార్థానిది. ముక్కు దిబ్బడ వేసినప్పుడు ఆవిరిలో వేసుకునే నూనెలో ఉండేది అదే.

కొండ మీద ఈ నూనె సీసాలు కొనేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నీలగిరి నూనె, కర్పూరం పసిపిల్లల ముక్కు దగ్గర రాయకూడదు. పొరపాటున మింగితే కొద్దిపాటికే ఫిట్స్ రావచ్చు. పెద్దవాళ్ళైనా ఏ సుగంధ తైలాన్నీ నేరుగా ఒంటికి పూసుకోవద్దు. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెకో కొబ్బరి నూనెకో 12 చుక్కలు చాలు, చర్మం సున్నితమైతే 6 చుక్కలు. నిమ్మతొక్క పిండి తీసిన నూనె రాసుకుని తిరుపతి ఎండలో తిరిగితే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. లావెండర్ వాసన ఆందోళనను కొంత తగ్గిస్తుందని అధ్యయనాల్లో కనిపించింది. వదిన రాత్రి దిండు పక్కన గుడ్డ మీద రెండు చుక్కలు వేసి పెడితే ముగ్గురం బాగా నిద్రపోయాం. ఆ చల్లగాలి కూడా సాయం చేసే ఉంటుంది.

రంగుల కోసమైతే శ్రీకాళహస్తి వెళ్ళండి. తిరుపతి నుంచి గంట దారి. గుడి చూసుకుని, కలంకారీ వేసే ఇంటికో వర్క్‌షాపుకో అడిగి వెళ్తే చాలామంది కాదనరు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, వెదురుపుల్లకు ఊలు చుట్టిన కలంతో కసిమి గీత గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళే ఈ కసిమి. గీసేటప్పుడు పల్చటి టీ నీళ్ళలా ఉన్న గీత, గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే మన కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక పూసి, ఎరుపునిచ్చే మొక్కల వేళ్ళు వేసిన నీళ్ళలో ఉడికిస్తే పటిక ఉన్నంత మేరే ఎరుపు పట్టుకుంటుంది. వదిన ఆ పక్కనే చాప మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. పని చేసే పెద్దాయన, "చూడమ్మా, తొందరేముంది" అని మళ్ళీ కలం ముంచుకున్నాడు. ఎల్ఈడీ గదిలో కూర్చోబెట్టి డబ్బు తీసుకునేవాళ్ళు చెప్పే మనశ్శాంతి ఆమె ముఖంలో నాకు అక్కడ కనిపించింది. ఊరికే చూసి వచ్చేయకుండా చిన్న గుడ్డ ముక్కైనా కొనండి, రోజుల కొద్దీ పనికి వాళ్ళకు దక్కేది తక్కువ.

మళ్ళీ వెళ్తే ఈ వరస పెట్టుకుంటాం: దర్శనం దాకా టీటీడీ బస, మర్నాడు ఖాళీ, ఆ తర్వాత ఆయుర్వేద ఆసుపత్రి, ఆపైన శ్రీకాళహస్తి, చివర్న హార్సిలీ హిల్స్. హోటల్ స్పా డబ్బుతో కొండ మీద ఇంకో రాత్రి ఉండిపోవచ్చు. వారాంతాల్లో అక్కడ గదులు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పేవాళ్ళుంటే బయల్దేరే ముందు తేలిగ్గా ఇడ్లీ తిని, అల్లం ముక్క దగ్గర పెట్టుకోండి.